జనాభా లెక్కలో లేని పనిమనిషి

మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషాలు. క్రాగ్‌లీ పోలీసు స్టేషన్లో లెట్టీ క్రాఫ్ట్‌ని నా ఎదుట కూర్చోబెట్టి, "పావుగంటే" అని చెప్పి జవాను తలుపు దగ్గరికి జరిగాడు. రెండింటికి విచారణ. ఆ పిల్లని జైలు నుంచి తప్పించడానికి నాకు మిగిలింది నాలుగు గంటలకి పది నిమిషాలు తక్కువ.

కేసు చూడబోతే కాగితం మీద చక్కగా ఉంది. సర్ హెక్టర్ బ్రాడ్‌బెంట్ ఈ ఊరి నేత మిల్లుకి యజమాని, మేజిస్ట్రేటు, వచ్చే నెల ఉప ఎన్నికలో పార్లమెంటు అభ్యర్థి. లెట్టీ ఆయన ఇంట్లో పనిమనిషి, ఇరవై రెండేళ్ళది. ఆదివారం రాత్రి ఎనిమిదింటి భోజనానికి ఆయన భార్య గౌనుకి గుచ్చుకునే వజ్రాల నగ, బ్రోచి, పెట్టుకుని వచ్చింది. మతగురువుతో సహా ఆరుగురు అతిథులు చూశారు. సోమవారం ఏడుంబావుకి లెట్టీ తన గదికి వేడినీళ్ళు తెచ్చిందనీ, ఏడున్నరకి అమ్మగారి అలంకరణ గదిలోంచి బయటికి రావడం తాను చూశాననీ సర్ హెక్టర్ వాంగ్మూలం ఇచ్చాడు. ఎనిమిదికి బ్రోచి లేదు. తొమ్మిదికి ఇన్‌స్పెక్టర్ సైలాస్ గాంట్ వచ్చాడు. పదకొండుకి మహిళా ఓటుహక్కు సంఘం గదిలో, టీపొడి డబ్బాలో బ్రోచి దొరికింది. పదకొండున్నరకి అదే గదిలోకి అడుగుపెట్టిన లెట్టీ చేతులకి బేడీలు పడ్డాయి.

నా పేరు డోర్కస్ హోల్డెన్. పద్నాలుగేళ్ళు పెద్దవాళ్ళ ఇళ్ళల్లో పొయ్యిలు తుడిచాను. తొమ్మిదేళ్ళుగా టోపీల కొట్టు మీద రెండు గదులు అద్దెకి తీసుకుని, డబ్బు తీసుకుని పరాయివాళ్ళ గుట్లు తవ్విపెడుతున్నాను. రెండు పనుల్లోనూ మోకాళ్ళ మీద పాకక తప్పదు.

"సోమవారం ఏడుంబావుకి ఎక్కడున్నావ్?" అన్నాను.

"చెప్పను."

"ఆదివారం రాత్రి?"

"అదీ చెప్పను. ఆ ఇంట్లో లేను. అంతవరకే చెప్తా."

"వంటింటి తలుపు దాటింది ఎన్నింటికి?"

"ఏడున్నరకి. ఆదివారం సాయంత్రం నాకు సెలవు."

"పదికి తిరిగి రావాలిగా?"

తల వంచుకుంది. ఆమె ముదురు గోధుమరంగు గౌను అంచు చుట్టూ తెల్లటి పొడి అంటుకుని ఉంది. వేలితో తీసి రుద్ది చూశాను. జారుతోంది. డాన్సు హాలు నేల నున్నగా ఉండడానికి చల్లే పొడి అది.

"ఆదివారం రాత్రి ఇంగ్లండంతా జనాభా లెక్కలు" అన్నాను. "ఆడవాళ్ళకి ఓటు ఇవ్వని ప్రభుత్వం మమ్మల్ని లెక్కెందుకు పెట్టాలని మీ సంఘం వాళ్ళు ఇళ్ళొదిలి దాక్కున్నారు. డాన్సు హాల్లో ఎంతమంది పడుకున్నారే?"

లెట్టీ తలుపు దగ్గరి జవాను వంక చూసింది. "అమ్మా, మీకు పుణ్యముంటుంది, పైకి అనకండి! లెక్క ఎగ్గొట్టినందుకు జరిమానా సంగతి అలా ఉంచండి, అక్కడున్న వాళ్ళల్లో నలభైమంది ఆయన మిల్లు వాళ్ళే. మా అక్క కూడా ఉంది. పేర్లు బయటికొస్తే మర్నాడే గెంటేస్తాడు. నేనొక్కదాన్ని పోతే ఆర్నెల్ల జైలు. వాళ్ళు పోతే నలభై ఇళ్ళల్లో కుండ పొయ్యెక్కదు."

"నువ్వు నోరు తెరవకపోతే దొంగవవుతావు. ఇకమీదట ఏ ఇంటి గడపా తొక్కనివ్వరు."

"తెలుసు" అంది. కళ్ళు తుడుచుకుని, నా వంక సూటిగా చూసి, "అయినా చెప్పను" అంది.

నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువగా, ఇలాంటి కూతురు నాకుంటే బాగుండునని కూడా అనిపించింది.

వసారాలో గాంట్ గోడకి ఆనుకుని నాకోసమే కాచుకుని ఉన్నాడు. నలభై ఒక్కేళ్ళ మనిషి, మీసాలకి మైనం, బూట్లకి తళుకు. నేను ఇదివరకు రెండు కేసుల్లో అతనికంటే ముందు దొంగని పట్టుకున్నాను. అతను అది మర్చిపోలేదు.

"ఏమ్మా డోర్కస్, చీపురు వదిలేసినా దుమ్మును మాత్రం వదలవా?"

"దుమ్మున్న చోటికి రాక తప్పుతుందా ఇన్‌స్పెక్టర్ గారూ?"

"చూడు, ఆ ఇంటి గడప నేను తొక్కిందే సోమవారం తొమ్మిదింటికి. పదకొండుకల్లా నగ నా చేతిలో ఉంది. రెండు గంటలు! నువ్వైతే రెండు నెలలు తిరిగేదానివి."

"నేరుగా టీ డబ్బా దగ్గరికే వెళ్ళారట. అల్మరా తెరవలేదు, మంచం ఎత్తలేదు."

"పోలీసు ముక్కమ్మా ఇది" అని ముక్కు చూపించాడు.

"సంఘం సభ్యుల పుస్తకం కూడా పట్టుకెళ్ళారటగా? బ్రోచి దాని పేజీల మధ్య ఏమన్నా దాక్కుందా?"

మీసాల కింద నవ్వు ఆగిపోయింది. "రెండింటికి కోర్టుకి రా. వెనక బెంచీలో కూర్చుని పని నేర్చుకుందువు గాని" అని విసురుగా వెళ్ళిపోయాడు.

పదీ యాభైకి బ్రాడ్‌బెంట్ గారి ఇంటి వంటింటి తలుపు తట్టాను. వంటమనిషి మిసెస్ టోర్డాఫ్ తలుపు తీసింది. పెళ్ళెప్పుడూ కాలేదు. వంటింటికి అధికారి గనక ఆ 'మిసెస్'. పదహారేళ్ళప్పుడు నేను మొదట పనికి కుదిరిన ఇంట్లో ఆవిడే వంటది. నాకు తిట్లూ రొట్టె కాల్చడమూ నేర్పిన గురువు.

"నువ్వా! మాటలకి టైం లేదే తల్లీ. పన్నెండింటికి ఎన్నికల కమిటీ లైబ్రరీలో కూర్చుంటుందట. ఆ గదిలో రెండ్రోజులుగా పొయ్యి వెలగలేదు. లెట్టీ లేకపోయె. వడ్డన పిల్లని పొయ్యి ముట్టించవే అంటే చేతులు పాడవుతాయంటుంది మహారాణి."

"నాకొక ఏప్రన్, టోపీ ఇవ్వు. నేను ముట్టిస్తా."

ఆవిడ అనుమానంగా చూసింది. అయినా పెట్టె తెరిచి ఇచ్చింది. నా నడుముకి ఏప్రన్ ముడి వేస్తుంటే ఆ చెయ్యి పట్టుకున్నాను. అరచేతికి అడ్డంగా ఎర్రటి చార కమిలి ఉంది. వంటవాళ్ళకి వేళ్ళు కాలతాయి గానీ అరచెయ్యి కాదు. అది మూడు అంతస్తులు మోసిన వేడినీళ్ళ క్యాను పిడి అచ్చు. రోజూ మోసేవాళ్ళకి అక్కడ కాయ కాస్తుంది, కమలదు.

"సోమవారం పొద్దున అయ్యగారి గదికి నీళ్ళు మోసింది ఎవరు?"

"నన్నడక్కే."

"లెట్టీనా, నువ్వా?"

మిసెస్ టోర్డాఫ్ పిండి ముద్ద మీద పిడిగుద్దులు గుద్దింది. "ఇరవై ఏళ్ళు ఈ ఇంట్లో చాకిరీ చేశాను. రేపు పొమ్మంటే, ఆయన మంచిదని ఉత్తరం రాసి ఇవ్వకపోతే, ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు? కోర్టులో నోరు విప్పమంటే నావల్ల కాదు. ఆ పిల్ల గురించి ఏడుస్తూనే ఉన్నాను, ఇంకేం చెయ్యను?"

"ఏ వయసు?"

"యాభై ఆరు!" అంది గభాలున. "ఆదివారం రాత్రి పదిన్నరకి లైబ్రరీకి పిలిచి ఆయనా అదే అడిగారు. వయసెంత, పెళ్ళయిందా, ఎక్కడ పుట్టావు... ఏదో సర్కారు ఫారమట. ఆయనకి భలే భక్తి దాని మీద. లెక్క తప్పించుకునే ఆడవాళ్ళు రాజుగారికి ద్రోహులని సభల్లో చెప్తున్నారుగా."

"లెట్టీ సంగతి అడిగారా?"

"ఇంట్లో ఉందా అన్నారు. లేదండీ అన్నాను. పదీ అయిదుకి వస్తేనే ఉద్యోగం ఊడబెరికే మనిషి కదా. ఏమన్నారో తెలుసా? నవ్వారు. 'సరే, వెళ్ళి పడుకో' అన్నారు."

నవ్వాడంటే సంతోషించాడన్నమాట. పనిమనిషి రాత్రంతా ఇంట్లో లేదని ఆయనకి ఆదివారం పదిన్నరకే తెలుసు. అయినా సోమవారం పొద్దున ఆమె చేత వేడినీళ్ళు మోయించాడు, కాగితం మీద. ఎందుకంటే బ్రోచి భోజనాల బల్ల దగ్గర అందరికీ కనిపించింది. లెట్టీ వెళ్ళింది అంతకు అరగంట ముందు. ఆమెని మళ్ళీ ఇంట్లోకి తీసుకురాకపోతే దొంగతనం అతకదు.

"ఆ ఫారం ఏది?"

"సోమవారం ఎనిమిదింటికే కవరు అంటించి లెక్కల ఉద్యోగి చేతికిచ్చేశారు."

నా ఉత్సాహం మీద నీళ్ళు పడ్డాయి. జనాభా ఫారం రహస్యం. కోర్టు కాదు గదా, ఎవరడిగినా చూపించరు. వంటావిడ చెప్పదు, ఫారం దొరకదు. టైం పదకొండూ అయిదు. చీపురూ పనిపెట్టే పట్టుకుని లైబ్రరీకి నడిచాను.

లోపల శవాల గది లాంటి చలి. పొయ్యిలో ఆదివారం నాటి బూడిద అలాగే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని బూడిద ఎత్తాను. అడుగున కర్రపుల్లలు పేర్చాలి, దానికంటే ముందు కాగితం కావాలి. అలవాటుగా చెయ్యి బల్ల పక్కనున్న చెత్తబుట్ట వైపు వెళ్ళింది. బుట్ట నిండి పొంగుతోంది.

అలాగే ఆగిపోయాను. తర్వాత నవ్వొచ్చింది, నోటికి ఏప్రన్ అడ్డం పెట్టుకున్నాను.

ఇలాంటి ఇళ్ళల్లో చెత్తబుట్ట కాగితాలు ఎక్కడికి పోతాయో దొరలకి తెలియదు. రాత్రి పారేస్తారు, తెల్లారేసరికి బుట్ట ఖాళీ. యాభై ఎనిమిదేళ్ళుగా సర్ హెక్టర్ పారేసిన ప్రతి ముక్కా ఎవరో పనిపిల్ల ఆరింటికి లేచి, పొయ్యి ముట్టించడానికి వాడేసింది. ఆయన దృష్టిలో కాగితం దానంతటదే మాయమవుతుంది. ఆ మాయ చేసే చేతులకి తానే బేడీలు వేయించాడు!

బుట్టని నేల మీద బోర్లించాను. ఎన్నికల ప్రసంగాల చిత్తులు, చించిన కవర్లు, చుట్ట పెట్టె కాగితం. అడుగున, 'నిజాయితీకే మీ ఓటు' అని అచ్చేసిన కరపత్రం వెనక వైపున, పెన్సిలు గీతల మధ్య, నీలం సిరాతో పేర్ల వరుస. పద్ధతి గల మనిషి కదా, రాజుగారి ఫారం పాడవకుండా ముందు చిత్తుప్రతి రాసుకున్నాడు. పైన ఆయన చేతిరాతే: 'ఏప్రిల్ 2 ఆదివారం రాత్రి ఈ ఇంట్లో గడిపినవారు, సోమవారం ఉదయం వచ్చినవారు.'

యజమాని. భార్య. వంటమనిషి. వడ్డన పిల్ల. గిన్నెలు తోమే పిల్ల. లెట్టీ క్రాఫ్ట్ పేరు లేదు. రాత్రి గడిపినవాళ్ళల్లో లేదు, పొద్దున వచ్చినవాళ్ళల్లోనూ లేదు. లోకానికంతా అబద్ధం చెప్పాడు గానీ, ఎవరికీ చూపించరని నమ్మిన ఫారంలో మాత్రం రాజుగారికి నిజం చెప్పుకున్నాడు.

అన్నిటికంటే కింద ఇంకో వరుస ఉంది. అది చదివి నేను బూడిదలోనే చతికిలబడ్డాను. అందులో ఏముందో ఇప్పుడు చెప్పను. నేను మూడు గంటలు నోరు కట్టుకుని ఎంత అవస్థ పడ్డానో మీరూ కాస్త పడండి.

కాగితం మడిచి మేజోడులో దూర్చుకున్నానో లేదో తలుపు తెరుచుకుంది. సర్ హెక్టర్, వెనకాల గాంట్. పొయ్యి వైపు తిరిగి అగ్గిపుల్ల గీశాను.

గాంట్ నాకు రెండు బారల దూరంలో కుర్చీలో కూర్చున్నాడు. గంట కిందట నాతో ముక్కు సంగతి మాట్లాడిన మనిషి. తల మీద తెల్లటోపీ పెట్టానో లేదో, అతని కళ్ళకి నా మొహమే లేకుండా పోయింది.

"పుస్తకం మిల్లు మేనేజరుకి అందిందా?" అన్నాడు.

"అందింది. నూట పన్నెండు పేర్లు" అన్నాడు సర్ హెక్టర్. "మూడింటికి అందరినీ గేటు బయటికి నెట్టమన్నాను. ఎన్నికల ముందు మిల్లులో ఒక్క ఓటుహక్కు పిశాచం ఉండకూడదు."

"రెండున్నరకల్లా పిల్లకి శిక్ష పడుతుంది. అప్పుడు ఎవరూ మీ తప్పనరు. దొంగల సంఘమని ఊరే ఉమ్మేస్తుంది. మరి నా సంగతి..."

"నేను పార్లమెంటులో అడుగుపెట్టిన వారానికి నువ్వు జిల్లా పోలీసు అధికారివి. మాటిచ్చానుగా?"

"ఏయ్, నిన్నే!" అన్నాడు గాంట్. నేను బిగుసుకుపోయాను. "పొగ వస్తోంది. పొయ్యి ముట్టించడం కూడా చేతకాదా?"

"చిత్తమండి" అన్నాను, తల తిప్పకుండా.

పన్నెండున్నరకి మిల్లు భోజనాల గంట కొట్టేసరికి గేటు దగ్గర నిలబడ్డాను. లెట్టీ అక్కని పక్కకి పిలిచి, మూడింటికి జరగబోయేది ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె రొట్టెముక్క నమలడం ఆపేసి, "చెప్పారు, మంచిదైంది" అని ఒక్క మాట అనేసి లోపలికి వెళ్ళిపోయింది. ఏం చేస్తారో నేనడగలేదు. అక్కడినుంచి, నన్ను ఈ కేసుకి పెట్టుకున్న లెట్టీ వకీలు ఎల్కానా ఫర్త్ దగ్గరికి పరుగెత్తాను. ముసలాయన కాగితం రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, మూడోసారి చదివాడు. "డోర్కస్, నేను ముప్పై ఏళ్ళుగా ఈ కోర్టులో ఓడిపోతున్నానమ్మా. ఇవాళ సాయంత్రం వేడివేడిగా మాంసం కూరిన రొట్టె తెప్పిస్తా" అన్నాడు.

రెండింటికి కోర్టు కిక్కిరిసింది. సర్ హెక్టర్ ఇవాళ సాక్షి గనక, పీఠం మీద కల్నల్ రే ఒక్కడే కూర్చున్నాడు. ముక్కోపి, కానీ వంకర లేని మనిషి. ముందు వరుసల్లో ఎన్నికల కమిటీ పెద్దలు, వెనకాల మిసెస్ టోర్డాఫ్. సెలవడక్కుండా, ఆదివారం టోపీ పెట్టుకుని వచ్చింది. బోనులో లెట్టీ కొయ్యలా నిలబడింది.

ముందు గాంట్ సాక్ష్యం చెప్పాడు. ఫర్త్ అతన్ని ఒక్కటే అడిగాడు.

"ఆ ఇంట్లో మీరు మొదట అడుగుపెట్టింది ఎప్పుడు?"

"సోమవారం ఉదయం తొమ్మిదింటికి. అంతకుముందు నెలరోజుల్లో ఆ వీధికే పోలేదు."

"ప్రమాణం చేసి చెప్తున్నారు?"

"చేసేగా బోనెక్కాను" అని నా వంక చూసి మీసం దువ్వాడు.

తర్వాత సర్ హెక్టర్. వేడినీళ్ళు ఏడుంబావు, అలంకరణ గది ఏడున్నర, అంతా అప్పజెప్పాడు. ఫర్త్ తీరిగ్గా లేచాడు.

"సర్ హెక్టర్, జనాభా ఫారం స్వయంగా నింపారా?"

"ప్రతి అక్షరం నేనే. ఎగ్గొట్టే రకం కాదు నేను." కమిటీ పెద్దలు చప్పట్లు కొట్టారు. కల్నల్ బల్ల మీద గుద్దాడు.

"అందులో అబద్ధమేమైనా ఉందా?"

"ఏమిటా ప్రశ్న! రాజుగారి ఫారంలో అబద్ధం రాసేవాడు పెద్దమనిషే కాడు."

"మంచిమాట. ఆ రాత్రి ఇంట్లో ఉన్నవాళ్ళనీ, మర్నాడు పొద్దున వచ్చినవాళ్ళనీ, అందరినీ రాశారా?"

"ఒక్కరినీ వదల్లేదు."

ఫర్త్ కరపత్రం అందించాడు. "ఈ రాత ఎవరిది?"

సర్ హెక్టర్ చూశాడు. కాగితం తిప్పి అచ్చు వైపు చూశాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. "ఇది... ఇది నా చెత్తబుట్టలోది! ఫారం రహస్యమని చట్టం ఉంది!"

"ఫారం రహస్యమే. చెత్తబుట్ట రహస్యమని చట్టం ఉందేమో నేను చదవలేదు. రాత ఎవరిది?"

"నాదే" అన్నాడు, దాదాపు వినపడకుండా.

ఫర్త్ కాగితం వెనక్కి తీసుకున్నాడు. "చదువుతాను, తప్పయితే చెప్పండి. హెక్టర్ బ్రాడ్‌బెంట్, యజమాని, యాభై ఎనిమిది. కాన్‌స్టెన్స్, భార్య, యాభై. మార్తా టోర్డాఫ్, వంటమనిషి, అరవై ఒకటి..."

"యాభై ఆరు!" అని వెనకనుంచి ఒక కేక. కోర్టు గొల్లుమంది. నిజం ఆ దేవుడికే ఎరుక.

"ఇంకో ఇద్దరు పనిపిల్లలు" అన్నాడు ఫర్త్. "లెట్టీ క్రాఫ్ట్ ఏదండీ?"

సర్ హెక్టర్ గాంట్ వైపు చూశాడు.

"మర్చిపోయారా? లేక రాజుగారిని మోసం చేశారా? అదీ కాకపోతే, ఆమె ఆ రాత్రీ లేదు, ఆ పొద్దునా లేదు. మీ గదికి నీళ్ళు తేలేదు. మీ మాటే రెండు రకాలుగా ఉంది. ఏది అబద్ధమో మీరే ఎంచుకోండి."

"ఆ పిల్ల ఎక్కడుందో చెప్పమనండి ముందు!" అని అరిచాడు గాంట్ లేచి.

"ఎక్కడుందో మాకక్కర్లేదు" అన్నాడు కల్నల్. "ఇంట్లో ఉందా లేదా అన్నదే కేసు. కూర్చో."

అప్పుడు మిసెస్ టోర్డాఫ్ నిలబడింది. గడ్డం పైకెత్తింది. "అయ్యా, సోమవారం నీళ్ళు మోసింది నేనే. ఇదిగో నా అరచెయ్యి. ఉత్తరం ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. అరవై ఒకటట!"

నాకు కళ్ళు చెమర్చాయి. ఇరవై ఏళ్ళ కొలువుని నలుగురిలో అలా విసిరి కొట్టడం అందరికీ చేతనవదు.

"ఇంకొక్క వరుస మిగిలింది" అన్నాడు ఫర్త్, "అది సర్ హెక్టర్ గారే చదివితే బాగుంటుంది."

కాగితం మళ్ళీ అందించాడు. సర్ హెక్టర్ దాన్ని మడిచి జేబులో పెట్టుకోబోయాడు. కల్నల్ చెయ్యి చాచి కాగితం లాక్కుని, బిగ్గరగా తనే చదివాడు.

"అతిథి. సైలాస్ గాంట్. నలభై ఒకటి. వివాహితుడు. పోలీస్ ఇన్‌స్పెక్టర్."

కోర్టులో ఒక్కసారిగా హోరు లేచింది. ఆ ఇంటి వీధికే పోలేదన్న మనిషి, పనివాళ్ళు పడుకున్నాక వచ్చి, ఆ రాత్రి ఆ ఇంట్లోనే గడిపాడు. తెల్లారకముందు బ్రోచి జేబులో వేసుకుని పోయి, దాన్ని తానే డబ్బాలో పెట్టి, తానే తీశాడు. దొంగసొత్తు సోదా అంటే ఏ తలుపైనా తెరుచుకుంటుంది. అతనికి కావలసింది బ్రోచి కాదు, ఆ నూట పన్నెండు పేర్లు.

గాంట్ తలుపు వైపు కదిలాడు. "సార్జెంట్, ఆ మనిషిని గది దాటనివ్వకు!" అని గర్జించాడు కల్నల్. "సర్ హెక్టర్, నువ్వూ అంతే. ఇరవై ఏళ్ళుగా నీతో కలిసి ఈ పీఠం మీద కూర్చున్నందుకు నాకు సిగ్గుగా ఉంది. అమ్మాయ్, నీ మీద కేసు కొట్టేశాను. బోను దిగి రా."

లెట్టీ దిగింది. నా మెడ చుట్టూ చేతులు వేసి పసిపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. "ఒక్కళ్ళ పేరూ చెప్పలేదమ్మా నేను!" అంది.

"చెప్పలేదే బంగారూ. రావలసిన పేరే బయటికొచ్చింది" అన్నాను. పొంగిపోయాను, దాచుకోను. పద్నాలుగేళ్ళు వంచిన నడుం ఆ రోజు నిటారుగా నిలబడింది.

సార్జెంటు చెయ్యి భుజం మీద ఉన్నా గాంట్ నావైపు వంగి పళ్ళు నూరాడు. "మురిసిపోకు. టైం చూశావా? రెండూ యాభై ఎనిమిది. పుస్తకం మిల్లుకి చేరిపోయింది. ఒక్కదాన్ని విడిపించావు, ఇంకో రెండు నిమిషాల్లో నూట పన్నెండు మంది వీధిలో ఉంటారు. వాళ్ళ స్థానంలో రేపు పొద్దున్నే కొత్తవాళ్ళొస్తారు. ఇప్పుడు చెప్పు, ఎవరు గెలిచారు?"

లెట్టీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె అక్క పేరు ఆ పుస్తకంలో రెండో పేజీలో ఉంది.

చర్చి గడియారం మూడు కొట్టింది.

క్రాగ్‌లీలో పుట్టినవాళ్ళం మేం మిల్లు మోత వినం. ఉదయం ఆరు నుంచి సాయంత్రం దాకా పన్నెండు వందల మగ్గాలు ఆడుతుంటే ఆ అదురు నేలలోంచి, బల్లల్లోంచి ఒంట్లోకి ఎక్కి, మన ఊపిరిలా ఐపోతుంది. అందుకే ఏం జరిగిందో ముందు ఎవరికీ అర్థం కాలేదు. కల్నల్ ముందున్న గ్లాసులో నీళ్ళు వణకడం మానేశాయి. కిటికీ అద్దాలు నోరు మూసుకున్నాయి. బయట ఎక్కడో పిచ్చుక అరిచింది. పనిరోజున ఈ ఊళ్ళో పిచ్చుక అరుపు వినడం నా జన్మలో అదే మొదటిసారి.

అందరికంటే ముందు సర్ హెక్టర్‌కి అర్థమైంది. బల్ల మీద అరచెయ్యి ఆనించి చూసుకున్నాడు. మళ్ళీ ఆనించాడు. "నూట పన్నెండు మంది పోతే ఆగదు" అన్నాడు తనలో తను. "నూట పన్నెండుతో ఆగే మిల్లు కాదది."

"అవునండి" అన్నాను. "అందరూ దిగిపోతేనే ఆగుతుంది."

అప్పుడు వినిపించింది. దూరంగా కొండవాలు మీదనుంచి, రాళ్ళ వీధి మీద చెక్క బూట్ల చప్పుడు. వంద కాదు, రెండొందలు కాదు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి మిల్లు మిల్లంతా నడిచి వస్తోంది. చప్పుడు దగ్గరవుతున్నకొద్దీ కమిటీ పెద్దలు ఒక్కొక్కరే టోపీలు వెతుక్కుని సర్ హెక్టర్ పక్కనుంచి దూరంగా జరిగారు. గాంట్ మీసం దువ్వుకోవడం మర్చిపోయాడు.

లెట్టీ కిటికీ దగ్గరికి పరుగెత్తి, తలుపు రెక్క తోసింది. కాసేపు వెతికింది. ఆపైన చేతులు రెండూ గాల్లోకి ఊపుతూ అరిచింది.

"అమ్మా, చూడండి! ముందు నడుస్తోంది మా అక్కే!"